‘నరం చిట్లింది’ అంటే ఏం చిట్లినట్టు?

పరామర్శకు వెళ్ళిన ఇంట్లో ఈ మాట మీరూ వినే ఉంటారు. నిన్నటిదాకా తిరిగిన మనిషి ఎలా పోయాడని అడిగితే ఎవరో ఒకరు గొంతు తగ్గించి, "మెదడులో నరం చిట్లిందట" అంటారు. ఆ తరవాత ఎవరూ ఏమీ అడగరు. నరం చిట్లాక ఇంకేముంది అన్నట్టు ఊరుకుంటారు.

నిజానికి అడగవలసింది చాలా ఉంది. ముందు సంగతి, చిట్లింది నరం కాదు. నరం కబుర్లు మోసే తీగ, దానిలో రక్తం పారదు. చిట్లింది రక్తనాళం. మన వాడుకలో ఆ మాటకు పని ఎక్కువ. సెలైన్ పెట్టడానికి నర్సు వెతికేదీ నరమే, నడుం పట్టేస్తే పట్టిందీ నరమే, కోపం వస్తే కణత మీద ఉబ్బేదీ నరమే. దాంతో భాషకు వచ్చిన ఇబ్బందేమీ లేదు గానీ, ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు జబ్బులు కలిసిపోతున్నాయి. ఏళ్ళ తరబడి బీపీ అదుపులో లేక మెదడు లోతుల్లోని సన్నని నాళం తెగి, మెదడు లోపలే రక్తం గడ్డకట్టడం ఒకటి. మెదడు అడుగున ఉన్న పెద్ద ధమని గోడ ఒకచోట బుడగలా ఉబ్బి, ఆ బుడగ పగిలి మెదడు చుట్టూ రక్తం చిమ్మడం ఇంకొకటి. ఆ బుడగ పేరు అన్యూరిజమ్. వెడల్పు కావడం అని అర్థమొచ్చే గ్రీకు మాట అది. ఈ వ్యాసం దాని గురించి.

ఇలాంటి బుడగ నూరుమంది పెద్దవాళ్ళలో దాదాపు ముగ్గురి తలలో ఉంటుంది. అంటే ఒక పెళ్ళి పందిట్లో ఐదు వందల మంది పెద్దవాళ్ళు భోంచేస్తుంటే, వాళ్ళలో పదిహేను మంది దాన్ని తలలో పెట్టుకునే అరిసె తుంచుకుంటున్నారన్న మాట. వాళ్ళలో ఎక్కువమంది దాని సంగతి తెలియకుండానే నిండు నూరేళ్ళూ బతికి ఇంకేదో కారణంతో పోతారు. కాబట్టి బుడగ ఉండడం వేరు, పగలడం వేరు. ఉన్నదాన్ని చూసి పగిలిందన్నంతగా బెంబేలెత్తడం, పగిలినదాన్ని పట్టుకుని మామూలు తలనొప్పి అనుకోవడం, ఈ రెండు పొరపాట్లూ మన ఇళ్ళలో రోజూ జరుగుతున్నాయి.

బుడగ ఎందుకొస్తుందో తెలియాలంటే మెదడు అడుగుకు వెళ్ళాలి. మెడ ముందు వైపు నుంచి రెండు ధమనులు, వెన్నెముక పక్కగా ఇంకో రెండు పుర్రెలోకి ఎక్కుతాయి. వెనకవి రెండూ కలిసి ఒకటవుతాయి. ఆ తరవాత ఇవన్నీ చిన్న చిన్న కొమ్మలతో చేతులు కలిపి ఒక వలయం కడతాయి. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారిన రక్తం అందడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. ఆక్స్‌ఫర్డ్ వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో అచ్చువేసిన మెదడు శాస్త్రంలో దీన్ని వివరించాడు. అందుకే దానికి విల్లిస్ వలయమని పేరు. ఆ పుస్తకానికి బొమ్మలు గీసినవాడు క్రిస్టఫర్ రెన్. తరవాతి కాలంలో లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం కట్టించిన వాస్తుశిల్పి ఆయనే.

బుడగలు ఎక్కువగా ఈ వలయం మీదే, అందులోనూ ధమని రెండుగా చీలే పంగల దగ్గర వస్తాయి. వరద కాలువ రెండుగా చీలేచోట గట్టు ముక్కు మీద నీళ్ళు ఎలా కొడతాయో పల్లెల్లో పెరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. లక్షసార్లూ ఆ పంగ మీదే దెబ్బ. శరీరంలో వేరేచోట ధమనికి బయటివైపు సాగే గుణమున్న పొర ఒకటి కాపుగా ఉంటుంది, చుట్టూ కండ ఆనుకుని ఉంటుంది. పుర్రె లోపలి ధమనులకు ఆ బయటి సాగుపొర ఇంచుమించు లేదు. చుట్టూ కండా లేదు, నీరే ఉంటుంది. సైకిల్ టైరు ఒకచోట చిరిగిందనుకోండి. గాలి నిండుగా కొడితే లోపలి ట్యూబు ఆ చిరుగులోంచి తోసుకొచ్చి బుడిపెలా ఉబ్బుతుంది. సైకిల్ షాపులో కూర్చుని చూసినవాళ్ళకు ఇంకో సంగతీ తెలుసు. బుడిపె పెరిగేకొద్దీ అక్కడి రబ్బరు పలచబడుతుంది, పలచబడ్డచోటే మళ్ళీ ఉబ్బుతుంది.

పుట్టుకతోనే బుడగ ఉంటుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అలా కాదు, వయసుతో వస్తుంది. పగలడం నలభై నుంచి అరవై ఏళ్ళ మధ్య ఎక్కువ, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఎక్కువ. మన చేతిలో ఉన్న కారణాల్లో ముఖ్యమైనవి రెండు: పొగ, బీపీ. చుట్టైనా బీడీ అయినా సిగరెట్టైనా ధమని గోడకు తేడా తెలియదు. చేతిలో లేనిది వంశం. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఇద్దరికి ఈ జబ్బు వచ్చి ఉంటే మిగతావాళ్ళు ఒకసారి ఎంఆర్ఐ యాంజియో చేయించుకోవడం మంచిదని వైద్యులు చెబుతారు. కిడ్నీల నిండా నీటితిత్తులు వచ్చే వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్ళలో పదిమందిలో ఒకరికి ఈ బుడగ ఉంటుంది, వాళ్ళూ అడిగి తెలుసుకోవాలి. మిగతా మనందరం ఉత్త పుణ్యానికి తల స్కాన్ చేయించుకోవలసిన పని లేదు.

ఇప్పుడు పగలని బుడగ సంగతి. తల తిరుగుతోందనో, బండి మీంచి పడ్డాడనో స్కాన్ తీస్తే, అసలు జబ్బుతో సంబంధం లేకుండా రిపోర్టులో ఒక వాక్యం ఉంటుంది: ఫలానా ధమని మీద నాలుగు మిల్లీమీటర్ల అన్యూరిజమ్. ఆ రాత్రి నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. "తలలో టైమ్ బాంబు పెట్టుకుని తిరుగుతున్నావు" అని ఎవరో ఒక పెద్దమనిషి అననే అంటాడు. నన్నడిగితే ఈ జబ్బు గురించి వాడే మాటల్లో అన్నిటికన్నా చెడ్డది అదే. టైమ్ బాంబు పేలి తీరుతుంది. ఈ బుడగల్లో ఎక్కువ భాగం పేలవు.

లెక్కలు చూడండి. అంతకుముందు మెదడులో రక్తస్రావం జరగనివాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి, ఒక అంతర్జాతీయ అధ్యయనం 2003లో ఫలితాలు ప్రకటించింది. వలయం ముందు భాగంలో ఏడు మిల్లీమీటర్లకు లోపున్న బుడగలు అయిదేళ్ళలో పగిలిన దాఖలా దాదాపు లేదు. వెనక భాగంలో అదే సైజుకు నూటికి రెండున్నర. ముందు భాగంలోనే అయినా ఇరవై అయిదు మిల్లీమీటర్లు దాటిన పెద్ద బుడగకు నూటికి నలభై. 2012లో జపాన్‌ నుంచి వచ్చిన అధ్యయనంలో అన్ని సైజులూ కలిపి ఏడాదికి నూటికి ఒకటి కన్నా కాస్త తక్కువగా తేలింది. అయితే ఆపరేషన్ థియేటర్లో సర్జన్‌కు రోజూ ఎదురయ్యే పగిలిన బుడగల్లో చిన్నవే ఎక్కువ. ఇదెలా కుదిరింది? లోకంలో చిన్న బుడగలు లెక్కలేనన్ని. లక్ష ఇళ్ళున్న ఊళ్ళో నూటికి ఒక ఇల్లు కారినా, పది బంగళాలున్న పేటలో సగం కారినా, మేస్త్రీకి పని ఎక్కువ దొరికేది ఊళ్ళోనే. చిన్నది కనక ఏమీ కాదని ఏ డాక్టరూ హామీ ఇవ్వలేడు. చిన్నదైనా తల తెరిచి తీరాలనీ చెప్పలేడు.

అందుకే సైజు ఒక్కటే చూడరు. ఎక్కడుంది, ఆకారం నున్నగా ఉందా లేక బుడగ మీద ఇంకో మొటిమలాంటిది లేచిందా, బీపీ ఉందా, వయసెంత, ఇదివరకు ఇంకో బుడగ పగిలిందా, ఇవన్నీ కలిపి తూస్తారు. చికిత్సకూ తన ప్రమాదం తనకుంది. కుడిచేయి పడిపోవచ్చు, మాట పోవచ్చు, అరుదుగా ప్రాణమే పోవచ్చు. డెబ్భై అయిదేళ్ళ తాతగారి తలలోని నాలుగు మిల్లీమీటర్ల బుడగను వదిలేసి ఏడాదికోసారి స్కాన్ తీయించడం నిర్లక్ష్యం కాదు, వైద్యమే. నలభై అయిదేళ్ళ మనిషికి వలయం వెనక భాగంలో తొమ్మిది మిల్లీమీటర్లది ఉంటే లెక్క వేరు. ఒక్క గుర్తును మాత్రం ఎప్పుడూ వదలకూడదు. ఉన్నట్టుండి ఒక కంటి రెప్ప వాలిపోయి, ఆ కంటిలో నల్లపాప పెద్దదైతే, పెరుగుతున్న బుడగ పక్కనున్న నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు. ఇక్కడ మాత్రం అది నిజంగా నరమే. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

పగిలితే?

ధమని ఒత్తిడితో రక్తం ఒక్కసారిగా మెదడు చుట్టూ ఉన్న నీటిలోకి చిమ్ముతుంది. పుర్రె ఎముక పెట్టె, సాగదు. లోపలి ఒత్తిడి క్షణాల్లో ఎంత పెరుగుతుందంటే, మెదడుకు రక్తం ఎక్కడం కాసేపు ఆగినంత పనవుతుంది. కొందరు నిలబడ్డచోటే కుప్పకూలడానికి కారణం ఇదే. చిత్రమేమిటంటే ఆ ఒత్తిడే బయటి నుంచి అదిమి రక్తాన్ని ఆపుతుంది, ఈలోగా చిల్లు మీద చిన్న గడ్డ కడుతుంది. మనిషిని పడగొట్టిందే మనిషిని బతికించిందన్న మాట. కానీ ఆ గడ్డ తాత్కాలికం. మొదటి ఇరవై నాలుగు గంటల్లో అది మళ్ళీ ఊడిపోయే భయం అన్నిటికన్నా ఎక్కువ. రెండోసారి పగిలితే తట్టుకునేవాళ్ళు తక్కువ. మొత్తం మీద బుడగ పగిలినవాళ్ళలో సుమారు మూడోవంతు మంది చనిపోతారు, కొందరు ఆసుపత్రి గుమ్మం తొక్కకముందే.

స్పృహ తప్పనివాళ్ళు చెప్పే మాట ఇంచుమించు ఒకటే: తల మీద పిడుగు పడ్డట్టుంది. మైగ్రేన్ మెల్లగా మొదలై గంటల్లో ముదురుతుంది. ఈ నొప్పి నిమిషంలోపే పతాక స్థాయికి చేరుతుంది. "ఇంత నొప్పి పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ లేదు" అంటారు. దానితోపాటు వాంతి, మెడ బిగుసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం, ఒక్కోసారి ఫిట్స్. కొందరికి అసలు పగలడానికి కొద్ది రోజుల ముందు ఇలాంటిదే ఒక చిన్న నొప్పి వచ్చిపోతుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. నుదుటికి బామ్ రాసి, అల్లం టీ ఇచ్చి, దిష్టి తీసి, "పొద్దున్నకి తగ్గిపోతుందిలే" అని పడుకోబెడతారు. ఇంట్లోవాళ్ళనే అనడం న్యాయం కాదు. అమెరికాలో 482 మంది రోగుల కేసు షీట్లు పరిశీలించి 2004లో వెలువరించిన అధ్యయనంలో నూటికి పన్నెండు మందికి మొదట చూసిన డాక్టర్లు కూడా ఇంకేదో జబ్బు అని చెప్పారు. ఎక్కువసార్లు చెప్పింది మైగ్రేన్ లేదా టెన్షన్ తలనొప్పి అని.

పిడుగు నొప్పి వచ్చిన ప్రతివారికీ బుడగ పగిలినట్టు కాదు. కానీ తేల్చవలసింది స్కాన్, మనం కాదు. సీటీ స్కాన్‌లో కొత్త రక్తం తెల్లగా కనిపిస్తుంది. మెదడు అడుగున మామూలుగా నల్లగా ఉండవలసిన నీటి సందులు తెల్లబడి నక్షత్రం ఆకారంలో మెరుస్తాయి. ఒకసారి చూసిన కన్ను దాన్ని మరచిపోదు. నొప్పి మొదలైన ఆరు గంటల్లోపు మంచి మెషిన్ మీద తీస్తే ఇంచుమించు ఏదీ తప్పించుకోదు. రోజులు గడిచేకొద్దీ రక్తం నీటిలో కరిగి ఆ తెలుపు మాసిపోతుంది. అప్పుడు వెన్నులోంచి నీరు తీసి చూస్తారు. నొప్పి వచ్చి పన్నెండు గంటలు దాటితే, విరిగిన రక్తం వల్ల ఆ నీరు పసుపు రంగుకు తిరిగి ఉంటుంది. "వెన్నులో సూది గుచ్చితే నడుం పడిపోతుంది" అని మనవాళ్ళకొక భయం. నీరు తీసేది వెన్నుపాము ముగిసిన చోటుకు కింద, గుచ్చడానికి అక్కడ పాము ఉండదు.

పగిలిన బుడగను మూయడమెలా అన్న ప్రశ్నకు నూరేళ్ళ చరిత్ర కూడా లేదు. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మెడ ధమనిలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి బతికున్న మనిషి మెదడు రక్తనాళాలను మొదటిసారి చూపించాడు. అప్పటిదాకా బుడగ కనిపించేది పోస్ట్‌మార్టమ్‌లోనో, ఇంకేదో అనుకుని తల తెరిచినప్పుడో. 1931లో ఎడిన్‌బరోలో నార్మన్ డాట్ పగిలిన బుడగ మీద రోగి తొడ కండ ముక్క తీసి అదిమి పట్టి కట్టాడు. బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ 1937 మార్చి 23న ఒక చిన్న వెండి క్లిప్పు తీసుకుని బుడగ మెడకు బిగించాడు. రోగికి కనురెప్ప వాలిపోయి ఉంది, ఇందాక చెప్పిన గుర్తే. ఇప్పటి క్లిప్పులు ఎక్కువగా టైటానియంవి, చేసే పని మాత్రం డాండీ క్లిప్పు చేసినదే. కణత దగ్గర జుట్టు వెనక ఎముకను పలకలా తీసి, మైక్రోస్కోపు కింద మెదడు మడతల మధ్య దారి చేసుకుంటూ వెళ్ళి, జడ క్లిప్పు బిగించినట్టు బుడగ మెడకు బిగిస్తారు. ధమనిలో రక్తం పారుతూనే ఉంటుంది, బుడగలోకి పోదు. మైక్రోస్కోపుతో ఈ పని చేయడం ప్రపంచానికి నేర్పినవాళ్ళలో ముందుండేది జూరిక్‌లో పనిచేసిన తుర్కియే సర్జన్ గాజీ యాసర్గిల్.

తల తెరవకుండా లోపలి దారినే వెళ్ళాలన్న ఆలోచన మాస్కోలో పుట్టింది. 1959 మే డే నాడు రెడ్ స్క్వేర్‌లో పిల్లల చేతుల్లో దారాలకు కట్టిన బెలూన్లు చూసి ఫ్యోదర్ సెర్బినెంకో అనే సర్జన్‌కు, ధమనిలోకి కూడా బెలూన్ పంపి వదిలేయవచ్చు కదా అనిపించిందట. పంపాడు కూడా. కానీ గుండ్రటి బెలూను వంకర బుడగలో ఇమడదు. అసలు దారి చూపింది ఒక పొరపాటు. ఇటలీ వైద్యుడు గ్విడో గుల్యెల్మీ కుందేలు రక్తనాళంలో బుడగ సృష్టించి, కరెంటు తీగ పెట్టి రక్తం గడ్డకట్టించాలని ప్రయత్నిస్తుంటే తీగ మొన ఊడి లోపలే ఉండిపోయింది. కరెంటు తీగను తినేసింది. ప్రయోగం చెడిందని ఆయన విసుక్కుని ఊరుకోలేదు. తీగను కావలసినచోట కావలసినప్పుడు వదిలేయడానికి ఇదే ఉపాయమని పట్టుకున్నాడు. 1990లో లాస్ ఏంజిలిస్‌లో మొదటి రోగికి ప్లాటినం కాయిల్ పెట్టారు.

ఈ కాయిలింగ్‌ను దగ్గరగా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గజ్జల దగ్గరో మణికట్టు దగ్గరో ధమనిలోకి గొట్టం ఎక్కించి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ గుండె పక్కగా మెడదాకా పంపుతారు. దాని లోపలి నుంచి మిల్లీమీటరు మందం కూడా లేని ఇంకో గొట్టం బుడగ నోట్లోకి. దాని లోపలి నుంచి ప్లాటినం తీగ. వెంట్రుక కన్నా సన్నని తీగను స్ప్రింగులా చుట్టి చేసిన మెత్తని దారం అది. గొట్టంలోంచి బయటపడగానే తనంతట తానే ఉండ చుట్టుకుంటుంది. సరిగ్గా కూర్చుందనిపిస్తే చిన్న కరెంటు ఇస్తారు, అతుకు తెగి కాయిల్ అక్కడ ఉండిపోతుంది. నచ్చకపోతే వెనక్కి లాగుతారు. ఒకదాని మీద ఒకటి ఉన్ని కండెలా నింపుతారు. ఇంత చేసినా బుడగలో ప్లాటినం ఆక్రమించేది పావు వంతు అటూ ఇటూగానే. మిగతా జాగాను గడ్డకట్టిన రక్తమే నింపుతుంది. మూసే పని చివరికి ఒంటిదే.

క్లిప్పా, కాయిలా? 2,143 మంది మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2002లో వచ్చాయి. పగిలిన బుడగకు కాయిల్ పెట్టినవాళ్ళలో ఏడాది తరవాత చనిపోయినవాళ్ళు, ఇంకొకరి మీద ఆధారపడినవాళ్ళు కలిపి నూటికి దాదాపు 24. క్లిప్పు వేసినవాళ్ళలో దాదాపు 31. అప్పటి నుంచి రెండూ కుదిరేచోట కాయిల్‌కే మొగ్గు. అయితే కాయిల్ కొన్నేళ్ళకు అణిగిపోయి బుడగ మళ్ళీ తెరుచుకోవచ్చు, అందుకని తరచూ స్కాన్లు తప్పవు. మెడ వెడల్పుగా ఉండి కాయిల్ నిలవనిచోట, రక్తం కూడా పెద్దగా చేరి తీసేయవలసినచోట క్లిప్పే దిక్కు. ఈమధ్య ధమనిలోనే సన్నని అల్లిక గొట్టం పెట్టి రక్తాన్ని బుడగ పక్కనుంచి మళ్ళించే పద్ధతీ వచ్చింది. ఖర్చు సంగతీ చెప్పాలి. కాయిల్స్‌కు ఒక్కోదానికీ విడిగా ధర, బుడగను బట్టి ఎన్ని పడతాయో ముందే చెప్పలేరు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను మొదటి గంటలోనే కలవండి.

బుడగ మూసేశారు, గండం గడిచిందని బంధువులు ఊపిరి పీల్చుకునే సమయానికి డాక్టరు ముఖంలో ఇంకా బెరుకు ఉంటుంది. చుట్టూ పడిన రక్తం విరుగుతున్నకొద్దీ ధమనులు బిగుసుకుపోతాయి. నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా ఈ భయం ఉంటుంది. నిన్న మాట్లాడిన మనిషి ఇవాళ తడబడతాడు. అందుకే నిమోడిపిన్ మాత్ర నాలుగు గంటలకోసారి, ఇరవై ఒక్క రోజులు. అర్ధరాత్రి రెండింటికి కూడా లేపి వేస్తారు. ఈ మందు తమాషా ఏమిటంటే, బిగుసుకున్న నాళాలు యాంజియోలో విప్పారినట్టు కనిపించకపోయినా రోగులు మెరుగ్గా కోలుకుంటారు. ఎందుకో పూర్తిగా తేలలేదు, వేయడం మాత్రం మానరు. ఐసీయూలో విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా ఇస్తారు. ముక్కితే తలలో ఒత్తిడి పెరుగుతుంది మరి.

కోలుకున్నవాళ్ళ కథలు మనకు తక్కువగా వినిపిస్తాయి. నటి ఎమీలియా క్లార్క్‌కు 2011లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, లండన్ జిమ్‌లో వ్యాయామం చేస్తుండగా బుడగ పగిలింది. కాయిల్ పెట్టారు. కొన్నాళ్ళు తన పేరు తానే చెప్పలేకపోయింది. 2013లో న్యూయార్క్‌లో రెండో బుడగకు చికిత్స చేస్తుండగా రక్తస్రావమై తల తెరవాల్సి వచ్చింది. ఈ సంగతులు తానే 2019లో రాసింది, నటన మాత్రం మధ్యలో మానలేదు. జో బైడెన్‌కు 1988లో రెండు బుడగలకు ఆపరేషన్లు జరిగాయి, ముప్ఫై రెండేళ్ళ తరవాత అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. అందరికీ అంత అదృష్టం ఉండదు. నడక బాగుంటుంది, మాట బాగుంటుంది, కానీ మధ్యాహ్నానికి అలసిపోతారు, రెండు పనులు ఒకేసారి చెబితే ఒకటి మరచిపోతారు, ఊరికే చిరాకు పడతారు. "ఆపరేషన్ అయ్యాక బద్ధకం నేర్చాడు" అని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. అది బద్ధకం కాదు, మానుతున్న మెదడు. తలలో క్లిప్పు ఉన్నవాళ్ళు దాని వివరాల కార్డు దాచుకుని, ఎప్పుడు ఎంఆర్ఐకి వెళ్ళినా ముందు చూపించాలి. పాతకాలపు క్లిప్పుల్లో కొన్నిటిని అయస్కాంతం లాగుతుంది.

మీ ఎదుట ఎవరైనా తల పట్టుకుని పిడుగు పడ్డట్టుందంటే, పడుకోబెట్టకండి, మాత్ర మింగించకండి. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బయలుదేరేముందు ఒక్క పని చేయండి. గోడ గడియారం చూసి, నొప్పి ఎన్నింటికి మొదలైందో చేతి మీదైనా రాసుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే, ఆ ఆరు గంటల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.